రికర్షను మేలా? లూపు మేలా?

ఇంటనుండియే కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయ నభ్యసించుచున్న యొక చెల్లెలు, ఒకే పనిని మరల మరల చేయింపవలసినపుడు రికర్షను మేలా, లూపు మేలా యని మమ్ము ప్రశ్నించినది. రికర్షను వ్రాయగలవారే బుద్ధిమంతులని యామె కెవరో చెప్పిరట! ఆ మాట మాకు రుచింపలేదు.

లూపు గానుగెద్దు నడక వంటిది. ఒకే దారిని తిరుగుచు, లెక్క తీరగానే నిలుచును. రికర్షననగా ఒక ఫంక్షను తన పనిలో కొంత తగ్గించి, తక్కిన దానిని తనకే మరల నప్పగించుట. లోపలి పిలుపు ముగియువరకు వెలుపలిది కంప్యూటరు జ్ఞాపకమున కాచుకొని యుండవలెను.

ఛందస్సు చదివినవారికి దీనిని తెలుపుట సులభము. లఘువునకు ఒక మాత్ర, గురువునకు రెండు. ఇన్ని మాత్రలను గురులఘువులతో నెన్ని విధముల నింపవచ్చును? కడపట లఘువున్నచో దానిముందు ఒక మాత్ర తక్కువ, గురువున్నచో రెండు తక్కువ. కావున ప్రతి సంఖ్యయు దాని ముందరి రెండింటి మొత్తమే: 1, 2, 3, 5, 8. ఈ సూత్రమును 12వ శతాబ్దమున హేమచంద్రుడు చెప్పియున్నాడు. ఇటలీదేశపు ఫిబొనాచ్చి గ్రంథము 1202 నాటిది. 1, 2 మాత్రల లెక్క ముందే యిచ్చి, సూత్రము నున్నదున్నట్లు రికర్షనుగా వ్రాసి 30 మాత్రలకు అడిగినచో, చేసిన లెక్కనే మరల చేయుచు ఆ ఫంక్షను 16,64,079 మారులు పిలువబడును! లూపుతోనైనచో 28 కూడికలలో 13,46,269 అను నుత్తరము వచ్చును. దోషము రికర్షనుది కాదు, మరపుది. కట్టిన ఫలితములను వ్రాసియుంచుకొన్నచో ఆ బాధ తీరును. అయినను ఇట్లు వరుసగా సాగు లెక్కకు లూపే తగినది. పైథాను భాషలో, మనము వేరుగా చెప్పనిచో, పిలుపుల లోతు 1000 దగ్గర నిలిచిపోవును గూడ.

ఇక ఆ చెల్లెలు వ్రాయదలచినది తమ వంశవృక్షము. పెద్దకుమారుడు, వాని పెద్దకుమారుడు అని పోయినచో లూపు చాలును. పెక్కు ఇండ్లలో వంశావళి యట్లే వ్రాసిరి గదా! కుమార్తెలను, వారి సంతతిని చేర్చినంతనే ప్రతి పేరువద్దను కొమ్మలు చీలును. అప్పుడు “ఈమె పేరు వ్రాయుము, ఈమె బిడ్డలలో ప్రతివారికిని ఇదే పని చేయుము” అను రికర్షను రెండు వాక్యములలో ముగియును, బిడ్డలు లేనిచోట తానే యాగును. లూపుతోను చేయవచ్చును గాని, ఇంకను చూడవలసినవారి పట్టికను మనమే పట్టుకొని తిరుగవలెను. అందొక్క పేరు జారినచో ఆ కూతురి సంతతి యంతయు మాయమగును. తరములు వేలకు పోవు గనుక లోతు భయము లేదు. కాబట్టి ఇచ్చట రికర్షనే వ్రాయుమని యామెకు చెప్పుచున్నాము. ఒక్క జాగ్రత్త: మేనరికములున్న యింట ఒకే బిడ్డ తల్లివైపు కొమ్మనుండియు, తండ్రివైపు కొమ్మనుండియు కనబడును. చూచిన పేరునకు గుర్తు పెట్టనిచో ఆ బిడ్డ సంతతి రెండుమారులు వ్రాయబడును.