ఒక్క తూటా పేల్చని సైనికుడు

పండుగకో, నికాహ్‌కో, అఖీఖాకో బంధువులంతా ఒకచోట చేరినప్పుడు ఇంటిపెద్దలు తమ గతాన్ని నెమరువేసుకోవడం సహజం. ఆ పెద్ద సైన్యంలో పనిచేసి వచ్చినవారైతే ఆయన చెప్పే కథ ఇంటిల్లిపాదికీ కంఠస్థమై ఉంటుంది. ఆయన మొదటి మాట ఎత్తగానే రెండవ మాట కోడలు అందిస్తుంది. మూడవది మనవడు పూర్తిచేస్తాడు. అందరూ నవ్వుతారు, ఆయనా నవ్వుతారు. కథ అక్కడితో ఆగిపోతుంది. అలా ఆగిపోయిన కథ వెనుక ఏమి మిగిలి ఉంటుందో ఈ నెల ఆలోచిద్దాం.

మేమెరిగిన ఒక కుటుంబం ఈదుల్ ఫిత్ర్ మరునాడు గుంటూరు జిల్లాలోని స్వగ్రామంలో కలుసుకుంది. ఆ సమావేశానికి మేమూ ఆహ్వానితులమే. ఇంటిపెద్ద డెబ్బై ఐదేళ్లు దాటినవారు. 1971 యుద్ధకాలంలో ఆయన ఆర్మీ సర్వీస్ కోర్‌లో లారీ డ్రైవరుగా త్రిపురలో పనిచేశారు. కొంతకాలంగా ఆయనకు మతిమరుపు ముదురుతోంది. ఉదయం ఎవరు వచ్చి వెళ్లారో మధ్యాహ్నానికి గుర్తుండదు. కాని ఆనాటి లారీ ఏ మలుపు దగ్గర మొరాయించేదో ఇప్పటికీ చెప్పగలరు.

భోజనాలు ముగిశాక పదేళ్ల మనవడు అడిగాడు: “దాదా, యుద్ధంలో మీరు ఎంతమందిని కాల్చారు?”

“ఒక్కరినీ కాల్చలేదు బేటా. నేను బియ్యం, నూనె, పెట్రోలు పీపాలు మోశాను.”

పిల్లవాడి ముఖం చిన్నబోయింది. పక్కనున్న అల్లుడు “మెడల్స్ కూడా ఇచ్చారు కదా” అంటూ సర్దిచెప్పబోయారు. ఆయనకు పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్ లభించిన మాట నిజమే. అయినా ఆయన మౌనం వహించారు. అప్పుడు పెద్ద మనవరాలు మరొక ప్రశ్న వేసింది: “ఏ దారిన మోసేవారు దాదా?”

ఆ ప్రశ్నకు ఆయన గంటసేపు జవాబు చెప్పారు.

ఆ రోజుల్లో త్రిపురలో రైలుమార్గం ధర్మనగర్ వద్దనే ఆగిపోయేది. అక్కడినుండి అగర్తలాకు సుమారు 200 కిలోమీటర్ల కొండదారి. సైన్యానికి కావలసిన తిండి గింజ మొదలు ఫిరంగి గుండు వరకు ఆ దారినే లారీలపై చేరవలసి ఉండేది. అదే సంవత్సరం తూర్పు పాకిస్తాన్ నుండి దాదాపు కోటిమంది శరణార్థులు మన దేశానికి వచ్చారు. పదిహేను లక్షల పైచిలుకు జనాభాగల చిన్న త్రిపుర, ఇంచుమించు తనంతటి జనసమూహానికి ఆశ్రయమిచ్చింది. వర్షంలో, బురదలో, రోడ్డుకు ఇరువైపులా కూర్చున్న ఆ జనం మధ్యనుండి లారీ నడపడమే తన యుద్ధమని ఆయన అన్నారు.

అటుపిమ్మట ఆయన ఒక పేరు ఉచ్చరించారు. ఇంట్లోవారెవరూ అంతకుముందు వినని పేరు అది. తన వెనుక లారీ నడిపిన మలయాళీ మిత్రుడట. ఒక రాత్రి వానలో అతని లారీ లోయలోకి జారిపోయింది. “యుద్ధం ఇంకా మొదలుకాలేదు. యుద్ధంలో పోయినవాడు కాడు కనుక అతని సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు” అన్నారాయన. ఆ వారమే ఇంటికి ఉత్తరం రాశారట. 99 ఏ.పి.ఓ. అన్న చిరునామా తప్ప కొడుకు ఎక్కడున్నదీ తల్లికి తెలియదు. ఉత్తరంలో ఉన్నది ఒకటే సమాచారం: క్షేమం.

1971 యుద్ధం డిసెంబరు 3 నుండి 16 వరకు, పదమూడు రోజులు సాగింది. పిల్లలు పాఠాల్లో చదివేది, సినిమాల్లో చూసేది ఆ పదమూడు రోజులనే. వాటికి ముందు నెలల తరబడి మోసినవారు, వండినవారు, ఇంజన్లు బాగుచేసినవారు, గాయాలు కట్టినవారు వేలాదిమంది. వారు ఇళ్లకు తిరిగివచ్చి, చెప్పుకోదగిన వీరగాథ తమవద్ద లేదనుకొని మిన్నకుండిపోయారు. మనం శౌర్యాన్ని మాత్రమే అడిగితే వారి జీవితంలో అధికభాగం చెప్పకుండానే మిగిలిపోతుంది.

కనుక తదుపరి సమావేశంలో ప్రశ్న మార్చి చూడండి. ఏమి తినేవారు? ఎవరి పక్కన పడుకునేవారు? ఉత్తరం అందడానికి ఎన్నాళ్లు పట్టేది? అక్కడ మొదటి ఈద్ ఎలా గడిచింది? పాత ఫొటో ఒకటి చేతికివ్వండి. ఆయన చెప్పిన పేర్లను దాని వెనుక రాయండి. అనుమతి కోరి ఫోనులో గొంతు భద్రపరచండి. తేదీ తప్పితే నలుగురిలో సరిదిద్దకండి. తేదీలు పుస్తకాల్లో దొరుకుతాయి, ఆ లారీ డ్రైవరు పేరు దొరకదు. ఆయన మధ్యలో ఆగితే బలవంతం చేయవద్దు. జ్ఞాపకాలు నిద్రను చెరుపుతుంటే, కలవరపెడుతుంటే వైద్యుని సలహా తీసుకోవడం మేలు.

చెప్పిన కథనే మళ్లీ చెబుతున్నప్పుడు ‘పాడిందే పాట’ అని తోసిపుచ్చడం తేలిక. వృద్ధులైన తల్లిదండ్రుల ఎదుట ‘ఉఫ్’ అనే విసుగుమాటను సైతం దివ్య ఖుర్‌ఆన్ వారించింది. విసుక్కోకపోవడం ఆ ఆదేశంలో తొలిమెట్టు. ఎదురుగా కూర్చొని, ఫోను పక్కనపెట్టి, “ఆ తరువాత ఏమైంది?” అని అడగడం రెండవ మెట్టు. మతిమరుపు మొదలైన ఇంట ఆ ప్రశ్నను వచ్చే పండుగదాకా వాయిదా వేయరాదు.