చుట్టి రావడం కాదు, ఉండి రావడం

మన దోహా తెలుగువారిలో చాలామందికి ఏడాదికి దొరికేది ముప్పై రోజుల లీవు. పదకొండు నెలలు దానికోసం వేళ్ళు లెక్కపెట్టుకుంటాం. తీరా వచ్చాక దాన్ని ఖర్చుపెట్టే తీరు చూస్తే, రియాలు రియాలుకీ లెక్క రాసుకునే మనం రోజుల విషయంలో ఇంత దుబారా మనుషులమా అనిపిస్తుంది.

రెండు పెళ్ళిళ్ళు, ఒక గృహప్రవేశం, తిరుపతి, బట్టల కొట్లు, బ్యాంకు పనులు. ఇవి తప్పవు, కాదనను. నా తగాదా మిగిలిన ఆ వారంతోనే. దానికి మనం పెట్టుకున్న పేరు విహారయాత్ర. పొద్దున విశాఖలో రైలెక్కడం, బొర్రా గుహల్లో గంట, అరకు మ్యూజియంలో అరగంట, నాలుగు కాఫీ పొడి పొట్లాలు, రాత్రికి మళ్ళీ విశాఖ. మర్నాడు ఇంకో ఊరు, ఇంకో ఫోటో. అడవిలో ఏం చూశావురా అని పిల్లవాణ్ణి అడిగితే వాడు చెప్పేది బస్సు సంగతే. దీన్ని యాత్ర అనడం కంటే హాజరు వేయించుకోవడం అంటే సరిపోతుంది.

నేను కోరేది చాలా చిన్నది. ఆ వారం రోజులూ అడవి అంచున ఒకే పల్లెలో, వీలైతే ఒకే ఇంట్లో ఉండి రండి. రాజమండ్రికి 85 కిలోమీటర్ల దూరంలో మారేడుమిల్లి ఉంది. అక్కడ అటవీ శాఖ, స్థానిక వన సంరక్షణ సమితులు కలిసి బసలు ఏర్పాటు చేశాయి. అరకు చుట్టుపక్కల అతిథులకు గది ఇచ్చే కుటుంబాలున్నాయి. వెతికితే దొరక్కపోదు.

"వారం రోజులు అక్కడ ఏం చేస్తామండీ?" ఈ ప్రశ్న నాకు కొత్తది కాదు. వాగు దాకా నడుస్తారు. చోడి అంబలి తాగుతారు. సంతనాడు సంతకు వెళతారు. అడ్డాకులతో విస్తరి కుట్టడం ఎలాగో ఇంటివారి పక్కన కూర్చుని చూస్తారు. చింతపండు, తేనె, కుంకుడుకాయ ఎవరి చేతుల మీదుగా వస్తాయో, 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థకు వాటిని ఎంతకు అమ్ముకుంటారో వాళ్ళ నోటనే వింటారు. మొదటి రోజు ప్రయాణపు బడలిక. రెండో రోజు విసుగు. ఆ విసుగు దాటితేగాని చెట్టుకొక పేరుందని, పిట్టకొక వేళ ఉందని పిల్లలకు పట్టుబడదు. మన యాత్రలన్నీ సరిగ్గా ఆ విసుగు దగ్గరే సామాను సర్దేసుకుంటాయి.

ఇదేదో పాశ్చాత్యుల కొత్త ఫ్యాషనని కొట్టిపారేసేవారు మనం ఉంటున్న దేశాన్ని చూడండి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఖతరీ కుటుంబాలు మంత్రిత్వ శాఖ అనుమతి తీసుకుని ఎడారిలో గుడారాలు వేసుకుంటాయి. చల్లటి మేడలున్నవాళ్ళు ఇసుకలో నిప్పు చుట్టూ కూర్చుని ఖహ్వా తాగుతూ సాయంత్రాలు గడుపుతారు. తాతలు బతికిన నేలను పిల్లలు మరిచిపోకూడదని వాళ్ళ తపన. మనకా తపన ఏదీ?

ఒకచోట కాలు నిలిపితే ఏమవుతుందో మన గడ్డ మీదే రుజువుంది. హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు 1940లో నల్లమల చెంచుల మధ్య ఉన్నాడు, తర్వాత కొండరెడ్ల దగ్గర, ఆపైన ఆదిలాబాదు గోండుల దగ్గర. చెంచుల మీద ఆయన పుస్తకం 1943లో, కొండరెడ్ల మీద 1945లో వెలువడ్డాయి. ఆయనా, భార్య బెట్టీ ఉన్న మార్లవాయిలోనే ఇద్దరి సమాధులూ ఉన్నాయి. మనం గ్రంథాలు రాయనక్కర్లేదు. ఆతిథ్యమిచ్చిన ఇల్లాలి పేరు గుర్తుంచుకుంటే చాలు.

అభ్యంతరాలు నాకు తెలుసు. దోమలు, మలేరియా: నిజమే. వానాకాలంలో మన్యం జ్వరం ఆషామాషీ కాదు. వెళ్ళేముందు డాక్టరుని అడగండి, దోమతెర వాడండి, పసిపిల్లలుంటే శీతాకాలంలో వెళ్ళండి. పిల్లలకు తోచదేమో అంటారా? ముందు ఇక్కడే పరీక్షించండి. దోహాకు గంట దూరంలో అల్ ధఖీరా మడ అడవి ఉంది. అక్కడి మడ జాతి మన కాకినాడ దగ్గర కోరింగలోనూ పెరుగుతుంది. ఒక శుక్రవారం ఉదయం బిర్యానీ గిన్నెలు, పాటల పెట్టె ఇంట్లో వదిలి, పిల్లలతో అక్కడ ఊరకే కూర్చోండి. పిల్లల కంటే ముందు పెద్దలే గడియారం చూసుకుంటారని నా అనుమానం.

అసలు పోరాటం ఇంకొకటుంది. ఈ మాట చెప్పగానే "బాగుంది, అక్కడే ఓ నాలుగెకరాలు కొని రిసార్టు కడదాం" అనే మిత్రులున్నారు. అయ్యా, మారేడుమిల్లి, అరకు షెడ్యూల్డు ప్రాంతాలు. అక్కడి భూమి గిరిజనేతరుల పేరున మారకూడదని 1959 నాటి నిబంధనను 1970లో మరింత బిగించారు. జనం నోట్లో అదే వన్ ఆఫ్ సెవెంటీ. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వం కూడా అక్కడి భూములను గనుల కోసం గిరిజనేతరులకు లీజుకివ్వరాదని చెప్పింది. బినామీ పేరు పెట్టి దొడ్డిదారిన దూరడం పెట్టుబడి కాదు, ఆక్రమణ. రిసార్టులో మీ డబ్బు యజమాని గల్లాపెట్టెకు పోతుంది, గిరిజనుడికి వాచ్‌మన్ ఉద్యోగం మిగులుతుంది. ఇంట్లో బస చేస్తే అదే డబ్బు ఆ ఇంటి పొయ్యి దగ్గరకు చేరుతుంది. గిరిజన పల్లెల్లో ఇలాంటి వెయ్యి బసల కోసం కేంద్రం 2024లో పథకం ప్రకటించింది. రెండు కొత్త గదులు కట్టుకోవడానికి ఇంటికి 5 లక్షల రూపాయల దాకా సాయం. గది కట్టుకోవడానికి డబ్బిస్తారు సరే, ఆ గదికి మర్యాద తెలిసిన అతిథి కావాలి గదా!

మర్యాద అంటే పెద్ద విద్య కాదు. అడిగిన అద్దెకు బేరం ఆడకండి. అడగకుండా ఫోటో తీయకండి. వాళ్ళ పిల్లలకు మిఠాయిలు విసరకండి. మీరు తెచ్చిన ప్లాస్టిక్ మీరే వెనక్కు పట్టుకెళ్ళండి. జంతుప్రదర్శనశాలకు వెళ్ళినట్టు కాకుండా మేనత్త ఇంటికి వెళ్ళినట్టు వెళ్ళండి.

వచ్చే లీవుకు టిక్కెట్లు తీసేముందు దంపతులిద్దరూ కూర్చుని కాలెండరులో ఏడు రోజులు పక్కన పెట్టండి. మిగిలిన ఇరవై మూడూ మీ ఇష్టం.