నడివయసు విద్యార్థులు, చిన్న ద్వీపాలు, మన విశాఖ

విద్యార్థి అనగానే మన కళ్ళ ముందు నిలిచేది ఇరవై ఏళ్ళ యువకుడు. స్కాలర్‌షిప్పు అనగానే మనకు తోచేది అతని ఫీజు, అతని పుస్తకాలు. నలభై ఏళ్ళకు చేరువై, ఉద్యోగంలో తల నెరుస్తున్న మనిషికి మరల చదువు చెప్పించవలసిన అగత్యం ఉన్నదని మన సమాజం అంత సులభంగా ఒప్పుకోదు. కాని నేడు కొన్ని దేశాల మనుగడ అట్టి నడివయసు విద్యార్థుల మీదనే చాలవరకు ఆధారపడి ఉన్నదని మేము మనవి చేయదలచుకొన్నాము.

ఆ దేశాలు సముద్ర మధ్యంలోని చిన్న ద్వీపాలు. మాల్దీవులలో సుమారు 1,190 ద్వీపాలున్నవి. వాటి నేలలో అధికభాగం సముద్రమట్టానికి ఒక మీటరు ఎత్తు కూడా లేదు. ఫిజీలో వునిదొగొలోవా అనే గ్రామం సముద్రపు పోటుకు తాళలేక 2014లో ఊరు ఊరంతా లోపలి మెట్టకు తరలిపోయింది. 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుఫాను ఆ దేశంలోనే 44 మందిని బలిగొన్నది. భూమిని వేడెక్కిస్తున్న వాయువులలో ఇట్టి ద్వీపదేశాలన్నిటి వాటా కలిపినా నూటికి ఒక వంతు లేదు. చేసినవారొకరు, అనుభవిస్తున్నవారు మరొకరు.

వీరు మనకు పరాయివారా? 1903 నుండి ఫిజీ చెరకు తోటలకు ఓడలెక్కి పోయిన దక్షిణాది కూలీలలో మన విశాఖపట్నం జిల్లావారు కూడా ఉన్నారు. మారిషస్‌లో తెలుగువారికి ‘కోరంగి’ అనే పేరు పడింది. అది గోదావరి తీరపు రేవు పేరు. ఆ కోరంగి 1839లో తుఫానుకు, ఉప్పెనకు నాశనమైంది. కనుక సముద్రం ఊరిని మింగుట ఎట్టిదో వారి పూర్వుల గడ్డకూ తెలుసు. ఇక మాల్దీవులలో ఇబ్న్ బతూతా ఖాజీగా పనిచేసిన సంగతి మన ఉర్దూ విద్యార్థులు ఎరిగినదే. 1343లో అక్కడికి చేరేనాటికి ఆయనకు నలభై ఏళ్ళు నిండవచ్చినవి. నేర్పు గల నడివయసు మనిషి కొరకు ద్వీపాలు ఎదురుచూచుట నేటి మాట కాదు.

మన ప్రభుత్వం ఈ విషయంలో ఊరక కూర్చుండలేదు. 1964 సెప్టెంబరు 15న ప్రారంభమైన ‘ఐటెక్’ పథకం క్రింద అభివృద్ధి చెందుతున్న దేశాల ఉద్యోగులను పిలిపించి, విమాన ఛార్జీ, ఫీజు, వసతి, భత్యం ఇచ్చి మన సంస్థలలో శిక్షణ ఇప్పిస్తున్నారు. హైదరాబాదులోని ‘ఇన్‌కాయిస్’ హిందూ మహాసముద్ర తీర దేశాలకు సునామీ హెచ్చరికలు పంపడమే గాక, సముద్ర శాస్త్రంలో అంతర్జాతీయ శిక్షణ కేంద్రాన్ని కూడా నడుపుతున్నది. 2021లో గ్లాస్గో మహాసభలో ద్వీపదేశాల కట్టడాలు, రేవులు ప్రకృతి వైపరీత్యాలకు తట్టుకొనేటట్లు చేయుటకు ఒక ప్రత్యేక కార్యక్రమం మన దేశం చొరవతోనే మొదలైంది.

అయినను ఇచ్చే తీరులో ఆలోచించవలసినది ఒకటి ఉన్నది. చిన్న ద్వీపంలో మంచినీటి శాఖకంతటికీ ఒకే ఇంజనీరు ఉండవచ్చు. ఆయన రెండేళ్ళు పరదేశంలో డిగ్రీ చదువుతూ కూర్చుంటే ఆ రెండేళ్ళు నీటి సంగతి చూచేదెవరు? చదువు ముగించి అక్కడనే స్థిరపడితే ద్వీపానికి మిగిలేది ఖాళీ కుర్చీ. అందుచేత ఇట్టి ఫెలోషిప్పు కొన్ని నెలలకు మించరాదు. ఆయన స్థానంలో పనిచేసే వ్యక్తి జీతం కూడా అందులోనే చేరాలి. పిల్లల తల్లులైన ఉద్యోగినులు రాగలిగేటట్లు ఏర్పాట్లుండాలి. అన్నిటికంటె ముఖ్యం, ఆ ఉద్యోగి తన ఆఫీసులోని సమస్యనే వెంట తెచ్చుకొని, దానికి పరిష్కారంతో తిరిగి పోవాలి.

అట్టివారికి పాఠం చెప్పుటకు విశాఖ కంటె తగిన చోటు ఏది? మన రేవు 1933లో తెరువబడింది. తీరం వెంట దక్షిణం నుండి ఉత్తరానికి కదిలే ఇసుక రేవు ముఖద్వారాన్ని పూడ్చకుండా ఆనాడు రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్ట కట్టారు. ఇసుక ఆగింది. కాని ఆ ఇసుక అందక ఉత్తరాన బీచి కోతకు లోనైంది. రేవులో తవ్వి తీసిన ఇసుకను మరల బీచికి చేరవేయవలసి వచ్చింది. ఒకచోట కట్టిన గోడకు వేరొకచోట మూల్యం చెల్లించక తప్పదన్న ఈ పాఠం, సముద్రానికి గోడలు కట్టబోతున్న ప్రతి ద్వీపానికీ అవసరమే. దానిని చెప్పుటకు ఆచార్యులే కావాలా? డ్రెడ్జరు మీద ఇరవై ఏళ్ళు పనిచేసిన సరంగు చాలడా? మన తుఫాను హెచ్చరికల కేంద్రంలో రాత్రింబవళ్ళు కనిపెట్టుకొని ఉండే ఉద్యోగి చాలడా?

ఈ చదువు ఒకవైపే సాగేది కాదు. 2014 అక్టోబరు 12న మన నగరాన్ని తాకిన తుఫానుకు ఒమన్ దేశం పెట్టిన పేరు ‘హుద్‌హుద్’. హజ్రత్ సులైమాన్ అంతటి ప్రభువుకు తెలియని వార్తను మోసుకొని వచ్చినది ఆ చిన్న పక్షియే అని మన పిల్లలందరికీ తెలుసు. ఊరంతటినీ మెట్టకు మార్చుట ఎట్లో, శ్మశానాన్ని, ప్రార్థనా మందిరాన్ని వదలి వచ్చే వృద్ధులను ఎట్లు ఒప్పించాలో వునిదొగొలోవా వారికి అనుభవపూర్వకంగా తెలుసు. మన తీరపు మత్స్యకారుల పల్లెలకు ఆ వార్త రేపు అవసరపడదని ఎవరు చెప్పగలరు?

“మన పిల్లల స్కాలర్‌షిప్పులకే దిక్కు లేదు, పరదేశపు ఉద్యోగులకెందుకు?” అని అడిగేవారుందురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. మన ఉక్కు కర్మాగారపు కొలుములు మండితేనే ఈ నగరంలో వేల ఇండ్ల పొయ్యిలు వెలుగుతున్నవి. దానిని మేము తప్పు పట్టుట లేదు. కాని ఆ పొగలో ఒక పిసరు మాలే నగరపు ఒడ్డున నీటిమట్టాన్ని పెంచుతున్నదన్న మాట కూడా నిజమే. కావున ఇది దానం కాదు, బాకీ. మా కోరిక ఇంతే: ప్రతి శిక్షణ తరగతిలో ద్వీపవాసుల ప్రక్కనే మన మునిసిపల్ ఓవర్సీయరుకు, మత్స్యశాఖ ఉద్యోగికి, రేవు కార్మికునికి కూడా ఒక బల్ల కేటాయించాలి.

కళాశాల కమిటీ పెద్దలకు రెండు మనవులు. మన రాష్ట్రాలకు శిక్షణకై వచ్చే ద్వీపవాసులలో ఒకరినైనా ఏటేటా ఆహ్వానించి, మన విద్యార్థులకు ఉపన్యాసం ఇప్పించండి. మాల్దీవుల నుండి రంజాను నెలలో వచ్చినవారికి మన దస్తర్‌ఖాన్ మీద ఇఫ్తారుకు చోటుంటే అంతకంటె మంచి పరిచయం ఏముంటుంది? రెండవది, మన లాబొరేటరీ సహాయకులకు, గుమాస్తాలకు సైతం చిన్నచిన్న శిక్షణలకు జీతంతో కూడిన సెలవు మంజూరు చేయండి.

విద్యార్థి మిత్రులారా! పట్టా చేతికి రాగానే పుస్తకం మూయరాదు. మీకు నలభై ఏళ్ళు వచ్చేనాటికి ఈ సముద్రం నేడున్న చోట ఉండదు. ఆనాడు మరల బల్ల ముందు కూర్చుండుటకు సిగ్గుపడని ఉద్యోగులు ఈ నగరానికి కావాలి.