జన్యువుండుట వేఱు, పలుకుట వేఱు

“తండ్రి నెత్తురే బిడ్డ బుద్ధి” యని కొందఱు తలిదండ్రులు పలుకుదురు. మే మందుల కొప్పుకొనము.

ఎక్స్-కిరణములు సోకిన పండ్లయీగలలో ఎఱుపు తెలుపు మచ్చల కన్నులను 1930లో ముల్లరు పండితుడు వర్ణించెను. ఎఱుపునకు వలయు జన్యువు చెడలేదు. క్రోమోసోములో బిగువుగా ముడిపడిన భాగముచెంత చేరి, కొన్ని కణములలో మూగవోయినది. ఏల? ఒక ఎంజైము హెచ్3 అను హిస్టోనుయొక్క తొమ్మిదవ లైసీనుపై మిథైలు గుర్తు లుంచునని 2000లో తేలెను. హెచ్.పి.1 అను మాంసకృత్తు ఆ గుర్తును పట్టుకొనును, అచటి డీ.ఎన్.ఏ. ముడుచుకొని యుండును, జన్యువు చదువబడదు. అక్షరము మాఱలేదు, పుట మూయబడినది.

ఈగకన్నే యిట్లుండగా, వంశమును జూచి బాలుని మందుడని త్రోసివేయువారు శాస్త్రమును సాక్షిగా పిలువరాదు.