తగిన మాట

ఈ నెల మాకు వచ్చిన కథల్లో ఒకటి మేకలు కాచుకునే ముసలామెది. కొడుకు చెప్పాపెట్టకుండా పొలం అమ్మేస్తాడు. ఆ సంగతి తెలిసిన క్షణాన ఆమె ‘నా మనోభావాలు దెబ్బతిన్నాయి’ అంటుంది. అప్పటిదాకా మన ఎదురుగా కూర్చున్న మనిషి ఆ ఒక్క మాటతో లేచి వెళ్ళిపోయింది. రచయితకు ఫోన్ చేసి, మీ ఊళ్ళో అయితే ఏమంటుందండీ అని అడిగాం. కాసేపాగి, ‘కడుపు రగిలిపోతోందిరా అంటుంది’ అన్నారు.

ఔచిత్యం అంటే ఇదే. 11వ శతాబ్దపు కాశ్మీర కవి క్షేమేంద్రుడు దీనికోసమే ‘ఔచిత్యవిచారచర్చ’ రాశాడు. వడ్డాణం మెడలో, హారం నడుముకు పెట్టుకుంటే నగలు మంచివైనా నవ్వులపాలే కదా అన్నది ఆయన వాదం. పదం, క్రియ, కాలం, చివరికి ఉపసర్గ దాకా ఎక్కడెక్కడ తగాలో, ఎక్కడ తగకపోతే కావ్యం చెడుతుందో విప్పి చూపించాడు.

ఉచితం నుంచి వచ్చింది ఔచిత్యం. అది అప్పటికే భావవాచకం. దానికి మళ్ళీ ‘త’ తగిలించి ‘ఔచిత్యత’ అని రాస్తే మేం కొట్టేస్తాం. ఇక ఉచితమేమో తెలుగులో డబ్బు కట్టనక్కర్లేనిదైపోయింది. ‘ఉచిత వైద్య శిబిరం’ అంటే తగిన వైద్యమని ఎవరూ అనుకోరు. పాత అర్థం ఉచితాసనంలో, ఉచితానుచితాల్లో తలదాచుకుంది. మన సొంత మాట తగవుదీ అదే కథ. ‘తగు’ నుంచి పుట్టి, పాత కావ్యాల్లో న్యాయమనే అర్థంతో బతికిన మాట, ఇప్పుడు కొట్లాట. మనుషులు న్యాయం వెతుక్కునేది కొట్లాడుకున్నప్పుడే కాబట్టి అలా జారిందేమో. ఆ జారడం నాకు బాధగానే ఉంటుంది.

పదం అర్థం మారినా, ఏది తగిన మాటో అన్న ఎరుక మాత్రం ఇళ్ళలో ఉంది. బియ్యం అయిపోయాయి అనదు మా అమ్మమ్మ, నిండుకున్నాయంటుంది. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. గడప దాటుతూ ‘వెళ్తాను’ అంటే వెనక్కి పిలిచి ‘వెళ్ళొస్తాను’ అనిపించేది. ఆమె ఏ అలంకారశాస్త్రమూ చదవలేదు. ఏ మాట ఎప్పుడు నోట రాకూడదో ఆమెకు తెలిసినంత స్పష్టంగా మా బల్ల దగ్గర మాకు తెలియడం లేదు.

ఆ కథ ఈ సంచికలోనే ఉంది. ముసలామె మాట ఒక్కటే మారింది. మిగతాదంతా రచయిత రాసినట్టే వేశాం.