ఇంగ్లండు కౌన్సిలర్ల ప్రయోజనాల రిజిస్టరు

ప్రయోజనాల రిజిస్టరు అనగా ఇంగ్లండులోని స్థానిక సంస్థల కౌన్సిలర్లు తమ ఉద్యోగ వ్యాపారాలను, భూములను, కంపెనీ వాటాలను వెల్లడించి నమోదు చేయించవలసిన దస్త్రం. 2011 నాటి లోకలిజం చట్టం దీనిని తప్పనిసరి చేసింది. ఇక్కడ ప్రయోజనం అనే మాటకు లాభం అని మాత్రమే అర్థం కాదు. కౌన్సిలు తీసుకునే నిర్ణయం వలన మార్పు చెందగల సొంత ఆర్థిక సంబంధం ఏదైనా ప్రయోజనమే. ఈ దస్త్రాన్ని కౌన్సిలు కార్యాలయంలో ఎవరైనా పరిశీలించవచ్చు. కౌన్సిలు వెబ్‌సైటులో కూడా దీనిని ఉంచవలసి ఉంటుంది. అయితే అందులో వ్రాసినది నిజమా కాదా అని తనిఖీ చేసే బాధ్యతను చట్టం ఏ అధికారికీ అప్పగించలేదు. ఆచరణలో ఆ పని చేసేది అక్కడి నివాసులు, స్థానిక విలేఖరులు మాత్రమే.

నేపథ్యం

1972 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం ప్రకారం, కౌన్సిలు కాంట్రాక్టులలో సొంత ఆర్థిక ప్రయోజనం ఉన్న సభ్యుడు ఆ విషయాన్ని సమావేశంలో చెప్పాలి, చర్చకూ ఓటింగుకూ దూరంగా ఉండాలి. ఆ తరువాత రెండేళ్ళకే జాన్ పౌల్సన్ కేసు దేశాన్ని కుదిపింది. భవన నిర్మాణ పనుల కోసం కౌన్సిలర్లకు, అధికారులకు లంచాలు ఇచ్చిన ఈ ఆర్కిటెక్టుకు 1974లో శిక్ష పడింది. న్యూకాజిల్ నగర కౌన్సిలు మాజీ నాయకుడు టి.డాన్ స్మిత్ కూడా అదే ఏడాది జైలుకు వెళ్ళాడు. 2000 నాటి చట్టం జాతీయ స్థాయిలో ఒక ప్రమాణాల బోర్డును ఏర్పరచింది. చిన్న చిన్న తగాదాలతో నిండిపోయిందన్న విమర్శపై దానిని 2012లో రద్దు చేశారు. ప్రస్తుత పద్ధతి అప్పటి నుండి, అనగా 2012 జూలై 1 నుండి అమలులో ఉన్నది.

రిజిస్టరులో ఉండేవి, ఉండనివి

ప్రతి కౌన్సిలులోను మానిటరింగ్ ఆఫీసరు అనే అధికారి రిజిస్టరును నిర్వహిస్తాడు. పదవి చేపట్టిన 28 రోజులలో సభ్యుడు అతనికి వివరాలు ఇవ్వాలి. 2012 నాటి నిబంధనలు ఏడు రకాల ప్రయోజనాలను పేర్కొన్నాయి: ఉద్యోగం లేదా వ్యాపారం, ఎన్నికల ఖర్చుకు ఇతరులు ఇచ్చిన ధనం, కౌన్సిలుతో నడుస్తున్న కాంట్రాక్టులు, భూమి, భూమిని వాడుకొనే అనుమతులు, కౌన్సిలు ఆస్తిలో కంపెనీ ద్వారా అద్దెకు ఉండడం, కంపెనీ వాటాలు. భార్య లేదా భర్త, లేక అదే విధంగా కలిసి జీవించేవారి ప్రయోజనాలను కూడా సభ్యునివిగానే లెక్కిస్తారు. అయితే ఏది ఎవరిదో విడదీసి చూపనవసరం లేదు.

చదివేవారు పొరబడేది ఎక్కువగా ఇక్కడే. భూమి అంటే ఆ కౌన్సిలు పరిధిలోని భూమి మాత్రమే. సరిహద్దు దాటి పక్క జిల్లాలో పొలం ఉంటే దానిని వ్రాయనవసరం లేదు. పూర్తయిన కాంట్రాక్టులు ఇందులో కనబడవు. కౌన్సిలు పరిధిలో కార్యాలయం గాని భూమి గాని ఉన్న కంపెనీలలో, 25,000 పౌండ్ల ముఖ విలువకు లేదా మొత్తం వాటాలలో నూరవ వంతుకు మించి ఉన్నప్పుడే వాటాలను చూపాలి. అన్నదమ్ములు, తల్లిదండ్రులు, పెద్దవారైన పిల్లలు, వ్యాపార మిత్రులు చట్టం పరిధిలోకి రారు. నిజానికి ఊరి రాజకీయాలలో బంధుత్వమే పెద్ద ప్రయోజనం కనుక ఇది చిన్న లోపమేమీ కాదు. కొన్ని కౌన్సిళ్ళు తమ ప్రవర్తనా నియమావళిలో బంధువులను, 50 పౌండ్లు దాటిన కానుకలను కూడా చేర్చుకున్నాయి. కాబట్టి ముందుగా ఆ కౌన్సిలు నియమావళిని చదవడం మంచిది.

దాడులు, బెదిరింపులు జరిగే ప్రమాదం ఉన్నదని అధికారి అంగీకరిస్తే కొన్ని వివరాలను ప్రచురించకుండా ఉంచవచ్చు. అందువలన రిజిస్టరులో ఖాళీ కనబడినంత మాత్రాన తప్పు జరిగినట్లు భావించరాదు.

నివాసులు సరిచూసుకొనే విధానం

మొదట రిజిస్టరు ఎక్కడ ఉన్నదో తెలుసుకోవాలి. నగర, జిల్లా కౌన్సిళ్ళ వెబ్‌సైటులలో ప్రతి సభ్యుని పేరు కింద అది ఉంటుంది. గ్రామస్థాయి పారిష్ కౌన్సిలు సభ్యుల రిజిస్టరు మాత్రం జిల్లా కౌన్సిలు అధికారి వద్ద ఉంటుంది. ప్రతిపై ఉన్న తేదీని తప్పక చూడాలి. ఎన్నికైన తరువాత మధ్యలో వచ్చే మార్పులను వెంటనే నమోదు చేయించమని చట్టం చెప్పదు; ఆ నియమం పెట్టినది కౌన్సిళ్ళ నియమావళులే. నాలుగేళ్ళ నాటి కాగితం నాలుగేళ్ళ నాటి పరిస్థితినే చెబుతుంది.

తరువాత ఆ పేర్లను ఇతర దస్త్రాలతో పోల్చాలి. కంపెనీస్ హౌస్ వెబ్‌సైటులో డైరెక్టర్ల వివరాలను 2015 నుండి ఉచితంగా చూడవచ్చు. కంపెనీని నిజంగా ఎవరు నియంత్రిస్తున్నారో తెలిపే వివరాలు 2016 నుండి అందులో చేరాయి. పుట్టిన నెల, సంవత్సరం కూడా ఉంటాయి కనుక ఒకే పేరున్న ఇద్దరిని ఒకరిగా పొరబడకుండా జాగ్రత్తపడవచ్చు. భూమి యజమాని పేరు ల్యాండ్ రిజిస్ట్రీలో కొద్దిపాటి రుసుముతో తెలుస్తుంది. అయితే చిరునామా ఇచ్చి యజమానిని అడగవచ్చు గాని, పేరు ఇచ్చి ఆస్తులన్నీ చూపమని అడిగే వీలు సామాన్యులకు లేదు. కనుక అనుమానం ఉన్న స్థలం నుండే వెదుకులాట మొదలు కావాలి.

కౌన్సిలు 500 పౌండ్లకు మించి చేసిన చెల్లింపుల జాబితాను 2015 నాటి పారదర్శకతా నియమావళి ప్రకారం మూడు నెలలకొకసారి ప్రచురిస్తుంది. అందులోని కంపెనీల పేర్లను రిజిస్టరుతో పోల్చడం ఎవరైనా చేయదగిన పని. సమావేశాల మినిట్సును ఆరేళ్ళపాటు ప్రజలకు అందుబాటులో ఉంచాలి. ఏ అంశం వచ్చినప్పుడు ఎవరు ప్రయోజనం వెల్లడించి బయటకు వెళ్ళారో, ఎవరు కూర్చొని ఓటు వేశారో వాటిలోనే తెలుస్తుంది. అసలు ప్రశ్న కూడా అదే. ఒక సభ్యునికి భూమి ఉండడం తప్పు కాదు, ఆ భూమి మీద నిర్ణయం జరుగుతున్నప్పుడు అనుమతి లేకుండా అక్కడే ఉండి ఓటు వేయడం తప్పు.

వీటన్నిటికంటె బలమైన హక్కు ఒకటి ఉన్నా దాని గురించి తెలిసినవారు తక్కువ. 2014 నాటి స్థానిక ఆడిటు చట్టం ప్రకారం ఏటా 30 పనిదినాలపాటు కౌన్సిలు లెక్కల పుస్తకాలను, బిల్లులను, కాంట్రాక్టులను నివాసులు పరిశీలించవచ్చు. స్థానిక ఓటరు అయినవారు ఆడిటరుకు అభ్యంతరం కూడా తెలుపవచ్చు. బ్రిటనులో సక్రమ అనుమతితో నివసించే కామన్వెల్తు పౌరులకు స్థానిక ఎన్నికలలో ఓటు హక్కు కలదు. ఆ విధంగా భారత పాస్‌పోర్టుతోనే అక్కడ ఉన్న తెలుగువారు సైతం ఓటరుగా నమోదైతే ఈ హక్కు పొందుతారు.

ఫిర్యాదు, శిక్ష

ఫిర్యాదును మానిటరింగ్ ఆఫీసరుకు ఇవ్వాలి. ఉద్దేశపూర్వకంగా దాచడం నేరం కనుక పోలీసులనూ ఆశ్రయించవచ్చు. న్యాయస్థానం జరిమానా విధించి, ఐదేళ్ళ వరకు పదవికి అనర్హుని చేయగలదు. అయితే కేసు నడపగలిగేది ప్రభుత్వ ప్రాసిక్యూషన్ విభాగం మాత్రమే, కేసులు కూడా బహు అరుదు. కౌన్సిలుకు సభ్యుని సస్పెండు చేసే అధికారం 2011 చట్టంతో పోయింది. దానిని ఆరు నెలల వరకు తిరిగి ఇవ్వాలని ప్రజాజీవన ప్రమాణాల కమిటీ 2019లో సిఫారసు చేసింది.

తెలుగు రాష్ట్రాలలో

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో ఇటువంటి రిజిస్టరు లేదు. మున్సిపాలిటీతో కాంట్రాక్టులో ప్రయోజనం ఉన్న సభ్యుడు అనర్హుడని పురపాలక చట్టాలు చెబుతాయి. 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తరువాత ఎన్నికల అభ్యర్థులు ఆస్తులు, అప్పులు, కేసుల వివరాలు ఇచ్చే పద్ధతి స్థానిక ఎన్నికలకూ వచ్చింది. అయితే అది నామినేషను నాటి చిత్రం. పదవీకాలంలో ఏ లేఅవుటు ఎవరిదో, దానికి అనుమతి ఇచ్చిన తీర్మానంలో ఎవరు పాల్గొన్నారో అది చెప్పదు. ఆ సంగతి తెలియాలంటే తీర్మానాల నకళ్ళు, టెండరు దస్త్రాలు, బిల్లుల వివరాలు సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అడగాలి. 30 రోజులలో సమాధానం రావాలి. వ్యక్తిగత సమాచారానికి సంబంధించిన మినహాయింపును 2023 నాటి డేటా రక్షణ చట్టం విస్తృతం చేసింది, ఆ సవరణ 2025 నవంబరులో అమలులోకి వచ్చింది. అందువలన దరఖాస్తులో సభ్యుని ఆస్తులను గాక మున్సిపాలిటీ తీర్మానాన్ని, చెల్లింపును అడగడం మేలు. నిరాకరిస్తే ప్రజాప్రయోజనాన్ని ఎత్తిచూపే 8(2) సెక్షనును ఆధారంగా చూపి అప్పీలు చేసుకోవచ్చు.