మాస్టారి మాట: చింతపిక్కల కుండ

పిల్లలూ!

మొన్న దసరా సెలవులకు మా మనవడు వచ్చాడు. ఆరో తరగతి చదువుతున్నాడు. వాడి చేతిలో మా అబ్బాయి సెల్‌ఫోను, అందులో ఒక క్రికెట్ ఆట.

"తాతయ్యా! పుట్టినరోజుకు నువ్విచ్చిన 1,000 రూపాయలూ ఈ ఆటకు ఖర్చు పెట్టుకుంటాను. నాన్న నిన్నడగమన్నాడు," అన్నాడు.

"ఆట సంగతి తెలియకుండా ఏం చెప్పనురా? ముందు నాకు నేర్పు," అన్నాను.

రెండు రోజులు ఆడాను. వాడు నన్ను మొదటి బంతికే అవుట్ చేశాడనుకోండి! ఆటలో మంచి లేకపోలేదు. బంతి పడే చోటు చూసి సమయానికి బ్యాటు తిప్పాలి. ఫీల్డర్లను ఎక్కడ నిలపాలో ఆలోచించాలి. ఓవరుకు ఎన్ని పరుగులు కావాలో లెక్క కట్టాలి. కొట్లాటలు లేవు, చెడ్డమాటలు లేవు.

"మూడేళ్ళు దాటినవాళ్ళు ఎవరైనా ఆడవచ్చని ఇక్కడ వేశారు, చూడు," అని వాడు వయసు గుర్తు చూపించాడు.

ఆ గుర్తు అబద్ధం కాదు. కాని అది ముఖ్యంగా చెప్పేది ఒక్కటే: పసివాళ్ళు చూడరానివి ఆటలో లేవని. ఆటలో కొనుగోళ్ళు ఉన్నవని పక్కనే చిన్న అక్షరాలతో మరో మాట ఉంది. పెద్దలు చూడవలసింది ఆ మాట.

ఇంతకూ వాడు కొనదలచిందేమిటి? 10 రూపాయలకు ఒక మూసిన ప్యాకెట్టు. అందులో ఏ ఆటగాడున్నాడో విప్పేదాకా తెలియదు. గొప్ప బ్యాట్స్‌మన్ దొరికే అవకాశం నూటికి 1 అని ఆటలోనే రాసి ఉంది. ఇలాంటి అవకాశాలను కొనేముందే చూపాలని ఆపిల్ సంస్థ 2017లోనూ, గూగుల్ 2019లోనూ నియమం పెట్టాయి.

"1,000 రూపాయలకు 100 ప్యాకెట్లు. నూటికి ఒకడు. అంటే నాకు తప్పకుండా వస్తాడు!" అన్నాడు మనవడు.

నేను వాదించలేదు. వంటింట్లోంచి 100 చింతపిక్కలు తెచ్చి, ఒకదానికి సున్నపు బొట్టు పెట్టి, అన్నిటినీ కుండలో పోశాను.

"కళ్ళు మూసుకుని ఒకటి తియ్యి. చూసి, మళ్ళీ కుండలోనే వేసి కలుపు. ఇలా 100 సార్లు," అన్నాను.

వాడు ఉత్సాహంగా మొదలుపెట్టాడు. 50 దాటేసరికి ముఖం చిన్నబోయింది. 100 సార్లు తీసినా బొట్టు పిక్క రాలేదు.

"కుండకు జ్ఞాపకం ఉండదురా! నువ్వు ఎన్నిసార్లు తీశావో దానికేం తెలుసు?" అన్నాను.

ప్రతిసారీ 99 ఉత్త పిక్కలు, 1 బొట్టు పిక్క. 0.99ని 100 సార్లు వేసుకుని హెచ్చవేస్తే సుమారు 0.37 వస్తుంది. అనగా 100 మంది పిల్లలు తలా 1,000 రూపాయలు పెడితే, సుమారు 37 మందికి ఆ బ్యాట్స్‌మన్ రానే రాడు! పెద్ద తరగతుల వాళ్ళు ఈ లెక్క చేసి చూడండి.

డబ్బిచ్చి కొనే ఇలాంటి ప్యాకెట్లు జూదమేనని బెల్జియం దేశపు అధికారులు 2018లో తేల్చారు. ఫిఫా ఫుట్‌బాల్ ఆటను తయారుచేసిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ, ప్యాకెట్లు కొనడానికి పనికివచ్చే పాయింట్లను ఆ దేశంలో అమ్మడం 2019 జనవరిలో మానుకుంది.

తల్లిదండ్రులకొక మాట. ఆట తగినదో కాదో తేల్చడానికి మూడు ప్రశ్నలు వేసుకోండి. నెగ్గేది నేర్పువల్లనా, డబ్బువల్లనా? ముక్కూ మొగమూ తెలియనివారు ఆటలో మీ బిడ్డతో మాట్లాడగలరా? మ్యాచి ముగిశాక బిడ్డ తనంతట తాను ఆపగలడా, లేక "ఈరోజు రాకపోతే బహుమతి పోతుంది" అని ఆటే వెనక్కు పిలుస్తున్నదా? ఒక సాయంకాలం పక్కన కూర్చుని ఆడితే జవాబులు దొరుకుతాయి. ఏది కొనాలన్నా ఫోను ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేటట్టు పెట్టుకోండి. ఆ పాస్‌వర్డ్ పెద్దల దగ్గరే ఉండాలి.

మా వాడికి ఆట ఆడుకోవడానికి ఒప్పుకున్నాను, ప్యాకెట్లకు ఒప్పుకోలేదు. వాడు కాసేపు అలిగాడు. ఆ రాత్రి ఒక్కడే కూర్చుని మళ్ళీ కుండలో చెయ్యి పెట్టాడు. 23వ సారికి బొట్టు పిక్క వచ్చింది!

"వచ్చింది తాతయ్యా!" అని గంతేశాడు. "ఇంకొక్కసారి..." అంటూ చెయ్యి చాపి, తనే ఆగి నా వంక చూసి నవ్వేశాడు.

మీరూ చేసి చూడండి. ఎన్నోసారికి వచ్చిందో కాదు, వచ్చాక చెయ్యి ఆగిందో లేదో నాకు రాయండి.

మీ మాస్టారు